చెక్క నేలకు తేడా తెలియదు

ప్రచురణల విభాగం, రెండో అంతస్తు
జూన్ 4

అత్తయ్యకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు తియ్యవు. తీసినా "ఫోన్లో చెప్పిన మాటకి కార్బన్ కాపీ ఉండదే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

సెప్టెంబరు ఇరవైకి మా విశ్వవిద్యాలయం ఇండోర్ స్టేడియానికి యాభై ఏళ్ళు నిండుతాయి. దాని చరిత్ర చిన్న పుస్తకంగా వెయ్యాలట. "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాయి" అని మా సెక్షన్ హెడ్ నా నెత్తిన పడేశాడు. ఇన్నాళ్ళూ ప్రశ్నపత్రాల్లో అచ్చుతప్పులు దిద్దుకుంటూ హాయిగా ఉన్నదాన్ని.

మూడు ఫైళ్ళిచ్చారు. మొదటిది శంకుస్థాపనది. రెండోది ప్రారంభోత్సవానిది. అందులో మొదటి మ్యాచ్‌లో మనవాళ్ళు 42-40 తేడాతో "ఉత్కంఠభరిత విజయం" సాధించారని ఉంది. మూడోది నాలుగో ఏట వచ్చిన సర్క్యులర్ నంబరు 114. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు స్టేడియం విద్యార్థినులకు మాత్రమే అన్న ఉత్తర్వు. ఇప్పటికీ నడుస్తున్నది అదే. అప్పటి క్రీడల డైరెక్టర్ గారి దూరదృష్టికి అది నిలువెత్తు నిదర్శనమట. ఆయనకిప్పుడు ఎనభై ఆరు. ఉత్సవానికి ఆయనే ముఖ్య అతిథి. స్టేడియానికి ఆయన పేరే పెడుతున్నారు.

నువ్వు ఆయన ఆఫీసులో ముప్పై తొమ్మిదేళ్ళు టైపిస్టువి. ప్రతి మ్యాచ్‌కీ స్కోరు రాసినదానివి. ఫైళ్ళలో లేనిదేదైనా ఉంటే చెప్పు. ఇంకో మాట. చదువుకునే రోజుల్లో నువ్వు బాస్కెట్‌బాల్ బ్రహ్మాండంగా ఆడేదానివని నాన్న అంటుంటాడు. మరి మా స్టేడియంలో ఎన్ని మ్యాచ్‌లు ఆడావు?

నీ మేనకోడలు


ఇల్లు, వెనక వరండా
జూన్ 12

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

చరిత్ర రాయడానికి నిన్ను పెట్టారంటే ఆ విశ్వవిద్యాలయానికి రోజులు బాగాలేవు. సరే, రాసుకో.

అసలు మనవాళ్ళు కాగితం మీద అడిగింది స్టేడియం కాదు. ఆటలకు నిధులు ఇచ్చేది లేదన్నారు పైవాళ్ళు. పరీక్షల హాలుకైతే ఇస్తామన్నారు. మా డైరెక్టర్ గారు "పరీక్షల హాలే" అని ప్లాను పంపారు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు పైకి చూసి, "ఇంత ఎత్తు కప్పెందుకయ్యా?" అన్నాడట. "పిల్లలకి గాలాడాలి కదండీ!" "మరి నేల మీద ఈ తెల్లగీతలు?" "బెంచీలు తిన్నగా వేసుకోడానికండీ." ఆ ఇంజనీరు తెలివితక్కువవాడు కాదు. వెళ్తూ వెళ్తూ, "ఆ రెండు చివర్లా వేలాడే రింగులు మాత్రం నాకు చూపించకండి" అన్నాడట. ఇది నేను ఉద్యోగంలో చేరక ముందు సంగతి. కాపలాదారు చెప్పేవాడు.

శంకుస్థాపన రాయి కోసం స్టేడియం చుట్టూ వెతక్కు, దొరకదు. మంత్రిగారికి ఎండ పడదని నీళ్ళ ట్యాంకు నీడలో వేయించారు. హాలు ఇంకెక్కడో కట్టారు. ఆ రాయి మీద హాస్టల్ వాళ్ళు బట్టలు ఉతుక్కునేవారు.

ఇక 42-40. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. పొద్దున్న పదింటికి. మ్యాచ్ సాయంత్రం. పత్రికలకు తొందరగా అందాలని డైరెక్టర్ గారు ముందే చెప్పేశారు. సాయంత్రం అవతలి జట్టు 18-11 మీద ఉండగా వాన వచ్చింది. కప్పు మూడు చోట్ల కారింది. చెక్క నేల మీద మనవాడొకడు జారి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కూర్చునే వెళ్ళాడు. జనం అదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. మ్యాచ్ ఆపేశారు. రిపోర్టు మాత్రం ఆగలేదు.

సర్క్యులర్ సంగతి నాకేం తెలుసు? టైపిస్టుకి వేళ్ళుంటాయి గానీ అభిప్రాయాలుండవు. డైరెక్టర్ గారు గొప్పవారు. అలాగే రాయి.

నీ దగ్గు తగ్గిందా?

అత్తయ్య


ప్రచురణల విభాగం
జూన్ 25

అత్తయ్యా,

దగ్గు తగ్గింది. అనుమానం పెరిగింది.

రెండు పేజీలు తనివితీరా రాసినదానివి, సర్క్యులర్ దగ్గరకొచ్చేసరికి నా దగ్గు గుర్తొచ్చిందా? నేనడిగిన ఇంకో ప్రశ్నకైతే జవాబే లేదు.

ఆ సర్క్యులర్ ఇవాళ పదిసార్లు చదివాను. ఇదిగో, నువ్వూ చదువు: "కంకర కోర్టు మీద ఎండలో ఆడుటవలన విద్యార్థినుల మోకాళ్ళు చెక్కుకొని పోవుచున్నవి గనుకను, అదే సమయమున లోపలి హాలులో పావురములు తప్ప ఎవరును ఆడుట లేదు గనుకను, చెక్క నేలకు ఆడ కాలు మగ కాలు అను తేడా తెలియదు గనుకను..."

డైరెక్టర్ గారి మిగతా సర్క్యులర్లన్నీ చూశాను. అన్నిట్లో 'సదరు', 'పైన ఉదహరించిన', 'తగు చర్య' తప్ప ఇంకో మాట లేదు. పావురాలు ఆయన కలంలోంచి రావు. నా చిన్నప్పుడు నేను చెట్టెక్కితే నానమ్మ తిట్టబోయింది. "చెట్టుకి ఆడపిల్లా మగపిల్లాడా అని తెలుస్తుందేమిటమ్మా?" అన్నది ఎవరు?

పైగా ఈ సర్క్యులర్‌కి వెనక కాగితమే లేదు. కమిటీ తీర్మానం లేదు. నోట్ ఫైలు లేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంది.

నిజం చెప్పు.

నీ మేనకోడలు


ఇల్లు
జూలై 6

ఒసేయ్ పత్తేదారూ,

నీకు పెళ్ళయ్యాక మొగుడి జేబులో బస్సు టికెట్టు కూడా దాక్కోలేదు. చెబుతాను. చదివి చించెయ్.

అప్పట్లో ఆడపిల్లల జట్టు బయట కంకర మీద ఆడేది. లోపలికి రానిచ్చేవారు కాదు. ఎందుకయ్యా అంటే నేల పాడవుతుందట. మగవాళ్ళ నడకతో పాడవని నేల, వీళ్ళ నడకతో ఎలా పాడవుతుందో ఎవరూ చెప్పలేదు. జట్టు కెప్టెన్ పొడుగ్గా ఉండేది. అందరం 'నిచ్చెన' అనేవాళ్ళం. మూడు అర్జీలు పెట్టింది. మూడింటి మీదా డైరెక్టర్ గారు 'పరిశీలించబడును' అని రాశారు. ఆ మూడూ నేనే ఫైలు చేశాను.

ఒకరోజు సాయంత్రం నిచ్చెన మోకాలు పగిలి, సాక్సు నెత్తురుతో తడిసిపోయి, టించరు కోసం మా ఆఫీసుకొచ్చింది. నేను తుడుస్తుంటే పళ్ళు బిగబట్టుకుని అడిగింది:

"అక్కా, లోపల ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు?"

"ఎవరూ లేరు. కాపలాదారు పడుకున్నాడు."

"మేం ఆడితే ఆయన నిద్ర పాడవుతుందనా?"

ఆ పిల్ల నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమెను పంపేసి మిషన్ ముందు కూర్చున్నాను. ఎప్పుడూ ఎవరో చెబితే కొట్టిన వేళ్ళు, ఆ రోజు వాటంతట అవే కొట్టాయి. 113 బల్బులు మార్చుట గురించి. 115 చెప్పులు బయట విడుచుట గురించి. మధ్యలో ఇది పెట్టాను. డైరెక్టర్ గారు సంతకాల వేళ రేడియోలో క్రికెట్ వినేవారు. కాగితం పైభాగం ఆయన ఏనాడూ చూడలేదు. కింది అంచు దొరికితే చాలు, సంతకం పడేది. ఆ రోజు మనవాళ్ళ వికెట్టు పడింది. వెంటనే సంతకమూ పడింది.

వారానికి వైస్ చాన్సలర్ గారు నిండు సమావేశంలో లేచి, "ఇంత ఆధునికమైన ఆలోచన మీకు తప్ప ఎవరికొస్తుంది?" అని ఈయన చెయ్యి పట్టుకుని ఊపేశారట. డైరెక్టర్ గారు వచ్చి, గది తలుపేసుకుని, కాపీ తెప్పించుకుని, మొదటిసారి చదివారు. తర్వాత నన్ను పిలిచారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"ఇదెవరు టైపు చేశారు?"

"నేనే సార్."

"ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారు సార్."

"నేనా?"

"అటూ ఇటూ నడుస్తూ చెప్పారు సార్. కాస్త నెమ్మదిగా చెప్పమన్నా ఆగలేదు."

ఆయన కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"ఈ పావురాలు కూడా... నేనే అన్నానా?"

"మొదట అన్నది అదే సార్."

"ఊఁ." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాగానే అన్నానే!"

అంతే. ఆ తర్వాత ఆయనా నేనూ ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు. కానీ ఒకటి చెప్పాలి. ఆ రోజు నుంచి ఆ మనిషి మారాడు. పొగడ్త మీదపడ్డాక దానికి సరిపడా ఎదగాలి కదా! పిల్లలకు బట్టలు మార్చుకునే గది కట్టించింది ఆయనే. హాలు మాకే కావాలని మగపిల్లలు గొడవ చేస్తే, గుమ్మంలో నిలబడి సర్క్యులర్ గొంతెత్తి చదివిందీ ఆయనే. అందుకే ఆ పేరు ఆయనకే ఉండనీ. నాకేం కొరత లేదు.

అత్తయ్య


ప్రచురణల విభాగం
ఆగస్టు 2

అత్తయ్యా,

తిట్టకుండా చదువు. తిట్టినా చదువు.

నీ ఉత్తరం చించలేదు. ఎవరికీ చూపించనూలేదు. కానీ నా నోరు ఊరుకున్నా కలం ఊరుకోలేదు. పుస్తకంలో ఒక్క వాక్యం కలిపాను: "ఈ చక్కని మాటలు ఎవరివో ఆనాటి టైపు మిషన్‌కే తెలియాలి." చిన్న చిలిపితనం, అంతే. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను.

మా రిజిస్ట్రార్ పట్టించుకున్నాడు. ఆయన అచ్చు ప్రతిలో పేజీ నంబర్లు కూడా చదివే మనిషి. ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "ఈ సర్క్యులర్ మూల ఫైలు పంపండి" అన్నాడు. లేని ఫైలు ఎక్కణ్ణుంచి పంపను? మర్నాడు పిలిపించాడు.

"నోట్ ఫైలు లేదు, తీర్మానం లేదు. అంటే ఈ ఉత్తర్వు చెల్లదమ్మా."

"నలభై ఆరేళ్ళ నుంచి నడుస్తోంది కదా సార్?"

"తప్పు నలభై ఆరేళ్ళు నడిస్తే ఒప్పవుతుందా?"

ఆయన చెడ్డవాడు కాదత్తయ్యా. కాగితం లేనిదాన్ని నమ్మలేని మనిషి. కానీ సాయంత్రం వేళల్లో హాలుని ఎగ్జిబిషన్లకూ సభలకూ ఇద్దామని ఎప్పటి నుంచో ఒక ప్రతిపాదన ఉంది. దానికి అడ్డం ఈ 114 ఒక్కటే. ఉత్సవం అయ్యాక రద్దు చేస్తారట.

నిన్న నాలుగింటికి హాలుకి వెళ్ళాను. పదిహేనుమంది పిల్లలు ఆడుతున్నారు. వచ్చే నెల వాళ్ళకి పోటీలు. కెప్టెన్ నన్ను చూసి, "మా హిస్టరీ రాస్తున్నది మీరేనా అక్కా? మా ఫోటో వేస్తారా?" అంది. నాకు మొహం చెల్లలేదు. నా ఒక్క వాక్యం వల్ల వీళ్ళు మళ్ళీ కంకర మీదికి పోతారు.

ఏం చెయ్యను?

నీ మేనకోడలు


ఇల్లు
ఆగస్టు 9

మేనకోడలా,

కుదురు లేని కలం కోతికి కొబ్బరికాయ లాంటిది. నిన్ను తిట్టడానికి కాగితం చాలదు గనక, ఎదురుపడ్డప్పుడు మొదటి నుంచి తిడతాను. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి.

ఒకటి. నేను టైపు చేసుకున్నానని ఎక్కడా అనకు. నన్ను సాక్షికి పిలవకు. టైపిస్టు అల్లరి అని తేలిందా, ఆ సర్క్యులర్ ఆ క్షణమే చచ్చింది.

రెండు. రిజిస్ట్రార్ సందేహం ఫైళ్ళతో తీరేది కాదు. సంతకం పెట్టిన మనిషి బతికే ఉన్నాడు, ఆయన్నే అడగమను. కానీ ఇంటికెళ్ళి చెవిలో అడగకూడదు. వైస్ చాన్సలర్ ఉండాలి, ఆడుకునే ఆ పిల్లలుండాలి. వాళ్ళందరి ముందు, "అయ్యా, ఇది మీరు చెప్పి రాయించిందేనా?" అని అడగాలి.

ఆయన సంగతి నాకు తెలుసు. నాది కాదు అంటే, చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. ఎనభై ఆరేళ్ళ వయసులో, తన పేరు బోర్డుకెక్కే రోజున, ఏ మగాడు ఒప్పుకుంటాడే? ఒకవేళ ఒప్పుకున్నాడా, నేను ఇన్నాళ్ళూ ఆ మనిషిని తప్పుగా అంచనా వేశానన్నమాట. అప్పుడు చూద్దాం.

ఎన్ని మ్యాచ్‌లు ఆడావని అడిగావు. ఒక్కటీ లేదు. ఆ సర్క్యులర్‌లో 'విద్యార్థినులకు' అనే కొట్టాను. నేను ఉద్యోగినిని. కలుపుకుంటే కలుపుకోవచ్చు. మిషన్ నాదే, చేతులు నావే. కానీ వాళ్ళ కోసం కొడితే అది అల్లరి. నా కోసం కొట్టుకుంటే దొంగతనం. అలా అనుకున్నాను. ఇరవై మూడేళ్ళదాన్ని కదా, పౌరుషం ఎక్కువ. ముప్పై తొమ్మిదేళ్ళు గీతకు ఇవతల బల్ల వేసుకుని స్కోరు రాశాను. బంతి దొర్లుకుంటూ వస్తే తీసి లోపలికి విసిరేదాన్ని. గురి బాగుండేది.

ఇది పుస్తకంలో వెయ్యకు.

అత్తయ్య


ప్రచురణల విభాగం
సెప్టెంబరు 22

అత్తయ్యా,

కూర్చుని చదువు.

ఉత్సవానికి గంట ముందు అతిథుల గదిలో అందరూ చేరారు. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డైరెక్టర్ గారు. పూలగుత్తి ఇవ్వాలన్న వంకతో జట్టు మొత్తాన్నీ నేనే తీసుకొచ్చి నిలబెట్టాను. పుస్తకాలు మోసుకొచ్చే వంకతో నేనూ ఉన్నాను. డైరెక్టర్ గారు చేతికర్రతో వచ్చారు. మనిషి సన్నబడ్డారు గానీ నడుం వంగలేదు.

నువ్వన్నట్టే 'ఆయన్నే అడగండి సార్' అని ముందే చెప్పి ఉంచాను గనక, రిజిస్ట్రార్ చాలా మర్యాదగానే అడిగాడు. "సార్, 114కి ఆధారం దొరకలేదు. ఇది మీరు చెప్పి రాయించిందేనా? లేక ఎవరైనా రాసి మీ ముందు పెట్టారా?"

డైరెక్టర్ గారు పిల్లల వంక చూశారు. తర్వాత కర్ర ఆనించి లేచి నిలబడ్డారు.

"చదవకుండా సంతకం పెట్టే మనిషిలా కనిపిస్తున్నానా మీకు?"

"అది కాదు సార్..."

"నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ రోజు భోరున వాన. కిటికీ దగ్గర నిలబడి, ఎండలో ఆడుతున్న పిల్లల్ని చూశాను."

వానలో ఎండేమిటని ఎవరూ అడగలేదు.

"గుండె నీరైపోయింది. అటూ ఇటూ నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను. పాపం ఆ టైపిస్టమ్మాయి నెమ్మదిగా చెప్పమంటుంది, నేను వినను!"

తర్వాత మొత్తం అప్పజెప్పారు. మోకాళ్ళు, పావురాలు, చెక్క నేల, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నవ్వు ఆపుకోలేక పుస్తకాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

వైస్ చాన్సలర్ కళ్ళు తుడుచుకుని, "ఇంకేం కావాలండీ? ఇకమీద అనుమానం లేకుండా ఇప్పుడే కొత్త ఉత్తర్వు ఇచ్చేద్దాం. సార్ చేత కూడా సంతకం చేయిద్దాం" అన్నారు. రిజిస్ట్రార్ నా వైపు తిరిగి, "పాతది చూసి యథాతథంగా కొట్టుకురామ్మా" అన్నాడు.

యథాతథంగానే కొట్టానత్తయ్యా. 'విద్యార్థినులకు' తర్వాత మాత్రం 'ఉద్యోగినులకు, విశ్రాంత ఉద్యోగినులకు' అని కలిపాను. నా కోసం కాదు గనక దొంగతనం కాదు.

కానీ మా రిజిస్ట్రార్ మీ డైరెక్టర్ కాదు కదా! వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. వేలు అక్కడ ఆగింది.

"ఇది పాతదాంట్లో లేదే?"

"అది... సార్..."

"ఏదీ, ఇలా ఇవ్వండి" అన్నారు డైరెక్టర్ గారు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివారు. నిజంగానే చదివారు, రెండు నిమిషాలు పట్టింది. ఆ మాట దగ్గర కాసేపు ఆగారు. తలెత్తి నా మొహం చూశారు. మన ముక్కు ఒకేలా ఉంటుందని నాన్న అంటాడు కదా, అదే చూశారేమో.

"ఇది నేను అప్పుడే చెప్పానయ్యా. టైపిస్టు వదిలేసింది" అని సంతకం పెట్టేశారు.

రిజిస్ట్రార్ కూడా పెట్టాడు. కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. నోట్ ఫైలూ ఉంది, వెనక తీర్మానమూ పెట్టిస్తారట. ఇక దీన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

బయటికి వస్తుంటే ఆయన నా పక్కన ఆగి, మెల్లగా అడిగారు:

"ఆవిడ మీకేమవుతారు?"

"మేనత్తండీ."

"బాగున్నారా?"

"బాగున్నారండీ."

ఇంకేదో అనబోయి, మైకులో పేరు పిలిచేసరికి వెళ్ళిపోయారు.

నీ మేనకోడలు


ఇల్లు
సెప్టెంబరు 29

మేనకోడలా,

ఎంత మాటన్నాడే ఆ ముసలాయన! నేను వదిలేశానా? ముప్పై తొమ్మిదేళ్ళలో ఒక్క కామా వదిలేసినదాన్ని కాదు. అందరి ముందూ అంత అబద్ధం ఆడతాడా? ఉత్తరం చదువుతూ గట్టిగానే తిట్టాను. పక్కింటావిడ కంగారుపడి వచ్చి, "ఎవరండీ, దొంగా?" అంది. "దొంగే. సంతకం పెట్టి మరీ..." అని, మిగతాది చెప్పలేకపోయాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి వెళ్ళింది.

రెండు రోజులు ఆ ఉత్తరమే మళ్ళీ మళ్ళీ చదివాను. మూడో రోజు బజారుకెళ్ళి తెల్ల బూట్లు చూపించమన్నాను. "మనవరాలి సైజెంతండీ?" అన్నాడు కొట్టువాడు. నా కాలు తీసి బల్ల మీద పెట్టాను. మారు మాట్లాడకుండా కొలత తీశాడు. పెరట్లో గోడకేసి బంతి కొడుతున్నాను. మోకాలు మూలుగుతోంది గానీ చెయ్యి మాట వింటోంది. నిచ్చెనకి కూడా రాశాను. ముగ్గురు మనవలున్న మనిషి, పాత విద్యార్థినీ విద్యార్థినే అంటూ రాత్రికి రాత్రే బయల్దేరినా బయల్దేరుతుంది.

వచ్చే సోమవారం నాలుగింటికి స్టేడియం తలుపు దగ్గర ఉంటాను. మీ పిల్లలకి చెప్పు, పెద్దవాళ్ళని జాలిపడి బంతి వదిలేశారో ఊరుకోను. డైరెక్టర్ గారికి కుదిరితే రమ్మను, గ్యాలరీలో కూర్చోమను.

స్కోరు రాయడానికి మాత్రం ఇంకెవరినైనా చూసుకోండి. నేను ఆడుతున్నాను.

అత్తయ్య